రెండో ఇంటికి నాలుగు దారులు: చిన్న బిల్డర్ ఫ్లాటు, గేటెడ్ కమ్యూనిటీ, ఖాళీ ప్లాటు, సొంత మేడ

హైదరాబాదులో సొంత ఇల్లు ఉండి, దాని అప్పు ఒక కొలిక్కి వచ్చి, చేతిలో కొంత డబ్బు నిలిచిన కుటుంబం రెండో ఆస్తి గురించి ఆలోచించడం మొదలుపెడితే సాధారణంగా నాలుగు దారులు ఎదురవుతాయి. పాత కాలనీలో చిన్న బిల్డర్ కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనవచ్చు. నగరానికి పడమటి వైపున పెద్ద సంస్థ కడుతున్న గేటెడ్ కమ్యూనిటీలో బుక్ చేసుకోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఖాళీ ప్లాటు కొని పెట్టుకోవచ్చు. ఇప్పుడున్న ఇంటిపైనే మరో అంతస్తు వేసి అద్దెకు ఇవ్వవచ్చు. మొదటి మూడింటి గురించి బంధువులు, స్నేహితులు, ఏజెంట్లు అడగకుండానే చెబుతారు. నాలుగో దారిలో ఎవరికీ కమీషన్ రాదు కాబట్టి దాని మాట ఎత్తేవారు తక్కువ.

ఈ నాలుగింటినీ పోల్చేటప్పుడు ఐదేళ్లలో రేటు ఎంత పెరుగుతుందన్న ప్రశ్న ఒక్కటే వేసుకోవడం అలవాటైపోయింది. దాని పక్కన మరో ప్రశ్న పెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను: మన డబ్బుతో ఒక కుటుంబం కాపురం ఉండే ఇల్లు కొత్తగా ఏర్పడుతోందా, లేక ఉన్న ఇల్లో భూమో మరొకరికి అందకుండా పోతోందా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో సుమారు 1.11 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం 2012లో పట్టణాల ఇళ్ల కొరతను సుమారు 1.88 కోట్లుగా అంచనా వేసి, అందులో 95 శాతానికి పైగా ఆర్థికంగా బలహీన వర్గాల, అల్పాదాయ వర్గాల కుటుంబాలదేనని చెప్పింది. అంటే ఇళ్లు లేకపోవడం ఎంత నిజమో, ఉన్న ఇళ్లకు తాళాలు పడి ఉండడమూ అంతే నిజం. కొనేవారి లాభానికీ దీనికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. ఎవరైనా కాపురం ఉండగల ఇల్లు అంటే నీళ్లు, దారి, కరెంటు, అనుమతులు సరిగా ఉన్న ఇల్లు. అవసరమైనప్పుడు అమ్ముడుపోయేదీ, బ్యాంకు అప్పు ఇచ్చేదీ కూడా అటువంటి ఇంటికే.

ముందుగా అద్దె లెక్క చూడాలి. హైదరాబాదులో నివాస ఫ్లాటుపై ఏడాదికి వచ్చే అద్దె దాని ధరలో మూడు శాతానికి అటూఇటూగా ఉంటుంది. ఉదాహరణకు 80 లక్షల ఫ్లాటుకు నెలకు 22 వేల అద్దె వస్తోందనుకుంటే ఏడాదికి 2 లక్షల 64 వేలు. ఇందులో ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులు, మనిషి మారినప్పుడు ఒకటి రెండు నెలలు ఖాళీగా ఉండడం తీసివేయాలి. అదే ఫ్లాటుకు 60 లక్షలు అప్పు తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో, 20 ఏళ్ల గడువుకు నెలసరి కిస్తీ సుమారు 52 వేలు అవుతుంది. కాబట్టి అద్దెతో కిస్తీ గడిచిపోతుందన్న మాట ఎవరు చెప్పినా నమ్మనక్కరలేదు. నెలనెలా 30 వేలకు పైగా మన జీతం నుంచి పెట్టాలి. ఈ భారాన్ని ఏళ్ల తరబడి మోయగలరా అన్నది తేలాకే ఫ్లాటా, ప్లాటా, మేడా అన్న చర్చలోకి దిగడం మంచిది.

చిన్న బిల్డర్ దగ్గర ఫ్లాటు

నాగోలు, దిల్‌సుఖ్‌నగర్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి వంటి చోట్ల ముప్పై నలభై ఏళ్ల కిందట రెండు మూడు వందల గజాల్లో కట్టుకున్న ఇళ్లు ఒకటొకటిగా అపార్ట్‌మెంట్లుగా మారుతున్నాయి. యజమానికి వయసు మీద పడి ఉంటుంది, పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడి ఉంటారు, ఇంటికి మరమ్మతులు పెరిగి ఉంటాయి. అప్పుడు ఆయన స్థలాన్ని అమ్మకుండా ఒక బిల్డర్‌తో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (కట్టే హక్కును, తన వాటా ఫ్లాట్లు అమ్ముకునే అధికారాన్ని బిల్డర్‌కు ఇచ్చే ఒప్పందం) రాసుకుంటాడు. కట్టే ఖర్చంతా బిల్డర్‌ది; పూర్తయ్యాక సగం ఫ్లాట్లు యజమానివి, సగం బిల్డర్‌వి, ప్రాంతాన్ని బట్టి ఈ వాటా కొంత అటూఇటూ అవుతుంది. ప్రైవేటు బిల్డర్లు భూమి కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉన్నందున, సొంత పెట్టుబడి పెద్దగా లేని బిల్డరుకు స్థల యజమానితో పొత్తు పెట్టుకోవడమే అనువైన దారి అయింది.

ఇళ్ల సరఫరా దృష్టితో చూస్తే ఈ పద్ధతి విలువ చాలా పెద్దది. ఒక కుటుంబం ఉన్న 300 గజాల్లో పది కుటుంబాలకు చోటు ఏర్పడుతుంది; రోడ్డు, బస్సు, బడి, ఆసుపత్రి, కిరాణా కొట్టు అప్పటికే అక్కడ ఉంటాయి; ఒక్క ఎకరా పొలం కూడా పోదు. పైగా ఇవి 900 నుంచి 1,300 చదరపు అడుగుల ఫ్లాట్లు, అంటే ఉపాధ్యాయుడో, బ్యాంకు గుమాస్తానో, చిన్న వ్యాపారో అద్దెకు తీసుకోగలిగినవి. నగరంలో మధ్యతరగతికి అందే ఇళ్లు కట్టి ఇస్తున్నవారిలో ఈ చిన్న బిల్డర్లది పెద్ద వాటా అని నా అభిప్రాయం, వారికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదన్నది నా బాధ. అయితే ఒక్క ఇంటి కోసం వేసిన డ్రైనేజీ మీద పది ఇళ్ల భారం పడుతుందన్నది, వీధిలో అందరూ బోర్లు వేస్తే వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూడాల్సి వస్తుందన్నది కూడా వాస్తవాలే. కొనే ముందు ఏప్రిల్, మే నెలల్లో ఆ వీధిలో నీళ్ల సంగతి ఎలా ఉంటుందో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవాలి.

కొనేవారికి ఇందులో ఉన్న మొదటి లాభం భూమి వాటా. 300 గజాల్లో పది ఫ్లాట్లుంటే ఒక్కో ఫ్లాటుకు 30 గజాల అవిభాజ్య వాటా రిజిస్టర్ అవుతుంది. ఐదెకరాల్లో, అంటే 24,200 గజాల్లో, వెయ్యి ఫ్లాట్లు కట్టిన టవర్లలో రెండింతల పెద్ద ఫ్లాటు కొన్నా వచ్చేది 24 గజాలే. ముప్పై ఏళ్లకు కట్టడం పాతబడిపోయి మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు మిగిలే విలువ ఈ గజాలదే. పదిమంది యజమానులు ఒక మాట మీదికి రావడం వెయ్యిమంది రావడం కన్నా తేలిక కూడా. నెలవారీ మెయింటెనెన్స్ తక్కువ. వాచ్‌మన్, లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు తప్ప పెద్ద ఖర్చులుండవు.

ఇక ప్రమాదం ఎక్కడుందంటే, చట్టం ఇచ్చే రక్షణ ఈ చిన్న కట్టడాలకు పూర్తిగా వర్తించకపోవచ్చు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించని స్థలంలో చేపట్టే ప్రాజెక్టుకైనా, ఎనిమిదికి మించని ఫ్లాట్లున్న ప్రాజెక్టుకైనా నమోదు నుంచి మినహాయింపు ఇచ్చింది. ఈ రెండు షరతుల్లో ఒకటి సరిపోతుందా, రెండూ ఉండాలా అన్న విషయంలో బిల్డర్లు తమకు అనువైన అర్థాన్ని చెబుతుంటారు. కాబట్టి ఎనిమిదికి పైగా ఫ్లాట్లున్నా, స్థలం ఆ కొలత దాటినా, నమోదు ఎందుకు అవసరం లేదో రాతపూర్వకంగా అడగాలి, తెలంగాణ రెరా వద్ద కూడా ధ్రువీకరించుకోవాలి. నమోదు లేని చోట కొనుగోలుదారుల డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్న నియమం బిల్డర్‌ను కట్టివేయదు. ఇల్లు కట్టి ఇవ్వడం సేవ కిందికి వస్తుంది కాబట్టి వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది గానీ, తీర్పు వచ్చేనాటికి ఆ బిల్డర్ దగ్గర వసూలు చేసుకోవడానికి ఏమైనా మిగులుతుందా అన్నది వేరే ప్రశ్న.

చిన్న బిల్డర్ మోసగాడు కాకపోయినా ఇబ్బంది రావచ్చు, కారణం అతని డబ్బు నడిచే తీరు. స్లాబులకు కావలసిన సొమ్మును అతను కొంత అడ్వాన్సుల నుంచి, కొంత సిమెంటు, ఇనుము దుకాణాల అరువు నుంచి, మిగతాది రెండు మూడు రూపాయల వడ్డీకి ఫైనాన్షియర్ల నుంచి తెస్తాడు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రెండు ఫ్లాట్లు ఆరు నెలలు అమ్ముడుపోకపోతే లాభం మొత్తం వడ్డీకే పోతుంది. ఆ తరువాత గచ్చులో, పైపుల్లో, కరెంటు వైర్లలో నాణ్యత తగ్గించడం, లేదా పని ఆపేయడం మొదలవుతుంది. అందుచేత చిన్న బిల్డర్ దగ్గర కొనేవారికి నేను చెప్పేది ఒక్కటే: పునాదిలో ఉన్నప్పుడు కాస్త తక్కువకు వస్తుందని తొందరపడకండి, పూర్తయ్యాక కొనండి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 2019 ఏప్రిల్ నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది; 45 లక్షల లోపు ధర, హైదరాబాదులో 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే విస్తీర్ణం) ఉన్నవాటికి 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాను ప్రకారం పూర్తయి కాపురానికి తగినదన్న మున్సిపాలిటీ పత్రం) వచ్చాకే డబ్బు మొత్తం చెల్లించే కొనుగోలుకు జీఎస్టీ లేదు. 70 లక్షల ఫ్లాటుపై మూడున్నర లక్షలు అక్కడే మిగులుతాయి కాబట్టి, పూర్తయిన ఫ్లాటుకు బిల్డర్ ఎక్కువ చెప్పే ధరలో కొంత భాగం ఇలా తిరిగి వచ్చినట్టే.

పత్రాల్లో అన్నింటికన్నా ముందు చూడవలసింది మంజూరైన ప్లాను. స్టిల్ట్ (పార్కింగ్ కోసం వదిలిన కింది అంతస్తు) మీద ఐదంతస్తులకు అనుమతి తీసుకుని, ఆపైన పెంట్‌హౌస్ పేరుతో ఆరో అంతస్తు లేపడం హైదరాబాదు కాలనీల్లో సర్వసాధారణం. ఆ పెంట్‌హౌస్ చవకగా వస్తుంది, గాలి వెలుతురు బాగుంటాయి, ముందు డాబా కూడా దక్కుతుంది; అయినా కొనకూడదు. అనుమతి లేని కట్టడానికి మున్సిపాలిటీ జరిమానాతో కలిపి ఆస్తి పన్ను వసూలు చేసినా, ఆ రసీదు దాన్ని సక్రమం చేయదు. 2015లో తెచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం హైకోర్టులో చిక్కుకున్న సంగతి గుర్తుంటే, మళ్లీ ఏదో పథకం వస్తుందిలే అన్న ధీమాతో డబ్బు పెట్టరు. పైన అక్రమ అంతస్తు ఉంటే కింద సక్రమంగా ఉన్న ఫ్లాట్లకు కూడా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చిక్కుల్లో పడుతుంది. ఈ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు కట్టడంపై అప్పు ఇవ్వాలని, నీరు, విద్యుత్తు వంటి కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించిన తరువాత, అది లేని ఫ్లాటును రేపు అమ్మడం ఇంకా కష్టమవుతుంది.

రెండో పత్రం తనఖాకు సంబంధించినది. ప్లాను ప్రకారం కడతానన్న హామీగా బిల్డర్ కట్టడంలో 10 శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాల్సి ఉంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. మీరు చూస్తున్న ఫ్లాటు ఆ పది శాతంలో ఉందేమో ఈసీలో (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) చూడాలి. మూడోది వాటాల ఒప్పందం. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ తరువాత ఏ ఫ్లాటు ఎవరిదో తేల్చే అనుబంధ ఒప్పందం రిజిస్టర్ అయి ఉండాలి. యజమాని వాటాలోని ఫ్లాటును బిల్డర్ అమ్మజూపిన వివాదాలు కోర్టుల్లో కొల్లలుగా ఉన్నాయి. యజమాని చనిపోయి ఉంటే ఆయన వారసులందరూ, ఆడపిల్లలతో సహా, సంతకం చేశారో లేదో చూడాలి. నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకీ (నిండినప్పుడు నీరు చేరే హద్దు) బఫర్‌లోకీ (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన పట్టీ) వస్తుందేమో చూడడం, చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా 2024లో ఏర్పడ్డాక ఎవరూ వదలని జాగ్రత్త అయింది. మునుపటి నుంచీ వదలకుండా ఉండాల్సింది.

గేటెడ్ కమ్యూనిటీ

పెద్ద సంస్థ ప్రాజెక్టులో చట్టం మీ వైపు బలంగా నిలబడుతుంది. రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడానికి, బుకింగ్ తీసుకోవడానికి వీల్లేదు. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా ఉంది. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలి. స్వాధీనం చేశాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆలస్యమైతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగవచ్చు, లేదా స్వాధీనం చేసేదాకా నెలనెలా వడ్డీ కోరవచ్చు. ప్రీలాంచ్ ఆఫర్ పేరుతో నమోదుకు ముందే మొత్తం డబ్బు కడితే సగం ధరకు ఇస్తామన్న సంస్థలను నమ్మి వేలాది కుటుంబాలు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నాయి; ఈ రక్షణలన్నీ నమోదైన ప్రాజెక్టుకేనని మరచిపోకూడదు.

అయితే రెండో ఆస్తిగా, అద్దె కోసం కొనేవారికి ఇది సరిపోతుందా? 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఒక ఎకరా గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. భూమికే అంత పెట్టిన సంస్థ చిన్న ఫ్లాట్లు కట్టదు. రెండు వేల అడుగుల పైచిలుకు ఫ్లాట్లు, క్లబ్‌హౌస్, ఈతకొలను కలిపి అమ్మితేనే దానికి గిట్టుబాటు. అటువంటి ఫ్లాటుకు ధర పెరిగినంతగా అద్దె పెరగదు. చదరపు అడుగుకు నాలుగు రూపాయల మెయింటెనెన్స్ అనుకున్నా రెండు వేల అడుగుల ఫ్లాటుకు నెలకు 8 వేలు. అద్దెకు మనిషి ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. ముందుగా చెల్లించే కార్పస్ ఫండ్ (భవిష్యత్తు పెద్ద మరమ్మతుల ఉమ్మడి నిధి), పై అంతస్తుకు అదనపు రేటు, కారు పార్కింగ్ వంటివి ప్రకటనలో చెప్పిన ధరలో ఉండవు. టవర్ పూర్తయ్యేందుకు నాలుగైదేళ్లు పడుతుంది. అంతకాలం కిస్తీ నడుస్తుంది, అద్దె రాదు.

ఈ ఇళ్లు మంచివి కావని నేననను. విదేశంలో ఉండి, వృద్ధ తల్లిదండ్రులను భద్రత, లిఫ్టు, జనరేటర్, పక్కనే నడిచే చోటు ఉన్న దగ్గర ఉంచాలనుకునేవారికి గేటెడ్ కమ్యూనిటీని మించినది లేదు. కొన్నేళ్లలో తామే అక్కడికి మారాలనుకునేవారికీ అంతే. కేవలం ధర పెరుగుతుందని కొని, అద్దెకు ఇస్తే గోడలు పాడవుతాయని తాళం వేసి పెట్టుకునే ఆలోచనకు మాత్రం నేను పూర్తిగా వ్యతిరేకిని. తాళం వేసిన ఫ్లాటులో గోడలకు చెమ్మ పట్టడం, పైపులు కారడం ఎవరి కంటా పడవు; హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుని, పదకొండు నెలల ఒప్పందం రాసుకుని, ఒక మంచి కుటుంబానికి ఇచ్చిన ఇల్లే ఎక్కువ కాలం బాగుంటుంది.

ఖాళీ ప్లాటు

దీని గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. మెయింటెనెన్స్ లేదు, అద్దె మనుషులతో పని లేదు, పూర్తిగా భూమే కాబట్టి ధర పెరిగితే ఆ లాభమంతా మనదే. హెచ్ఎండీఏ (హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి, రెరా నమోదు రెండూ ఉన్న లేఅవుట్‌లో, పిల్లల కోసం పదిహేనేళ్లు కదపకుండా పెట్టుకోగలిగినవారికి ఇది పనికొస్తుంది. కానీ ఆ పదిహేనేళ్లూ ఒక్క రూపాయి రాదు, ఏ కుటుంబానికీ నీడ దొరకదు, ఆక్రమణకు గురికాకుండా కాపు కాయాలి. అనుమతి లేని లేఅవుట్లలో కొన్నవారు 2020 నాటి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తులతో ఏళ్ల తరబడి తిరిగిన సంగతి తెలిసిందే. లేఅవుట్ అనుమతి లేకుండా పొలాన్ని గుంటల చొప్పున ముక్కలు చేసి ఫామ్‌ల్యాండ్ పేరుతో అమ్ముతున్న చోట అడుగే పెట్టకండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు మరింత గుర్తుంచుకోవలసినది, వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనడానికి ఎన్ఆర్ఐలకు ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం కింద అనుమతి లేదు. నివాస, వాణిజ్య ఆస్తులు మాత్రమే కొనవచ్చు.

సొంత ఇంటిపై మరో అంతస్తు

సొంత ఇండిపెండెంట్ ఇల్లు ఉన్నవారు కొత్త ఆస్తి కోసం ఊరంతా తిరిగే ముందు తమ మేడ మీదికి ఎక్కి చూడాలి. స్థలం ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 80 లక్షల కొనుగోలుపై అదే ఆరు లక్షలు. నేటి ధరల్లో చదరపు అడుగుకు 2,200 చొప్పున లెక్కవేస్తే వెయ్యి అడుగుల పోర్షన్ 22 లక్షల్లో పూర్తవుతుంది. దానికి నెలకు 14 వేల అద్దె వచ్చినా పెట్టుబడిపై ఏడాదికి ఏడున్నర శాతానికి పైగా వచ్చినట్టు. ఫ్లాటు మీద వచ్చేదానికి ఇది రెండింతలు. నగరానికి ఒక కొత్త ఇల్లు అదనంగా చేరుతుంది, అది కూడా అందుబాటు అద్దెలో. కిందనే ఉంటాం కాబట్టి నీళ్ల మోటారు నుంచి రంగుల దాకా మన కంటిముందే ఉంటుంది. వరంగల్, విజయవాడ, గుంటూరు, రాజమండ్రి వంటి ఊళ్లలో తల్లిదండ్రుల ఇల్లు ఉన్నవారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

ఇందుకు రెండు అడ్డంకులున్నాయి. మొదటిది పునాది. గోడల మీద స్లాబు వేసిన పాత ఇంటిపై మరో అంతస్తు మోపకూడదు. పిల్లర్లున్న ఇంటికి కూడా ఫుటింగుల లోతు, ఇనుము, అప్పట్లో ఎన్ని అంతస్తులకు లెక్కవేశారన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పరీక్ష చేయించి, రాతపూర్వకంగా నివేదిక తీసుకోవాలి. మేస్త్రీ ఎంత అనుభవజ్ఞుడైనా ఈ ఒక్క విషయంలో అతని హామీ సరిపోదు. రెండోది అనుమతి. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు ఉండే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి లభిస్తుంది. అయితే పాత ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు లేకపోతే ఆ ధ్రువీకరణ మీ మెడకే చుట్టుకుంటుంది, ఎందుకంటే తప్పుడు వివరాలతో కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టం ఇచ్చింది.

ఇక్కడ కూడా చిన్న బిల్డరే పనికొస్తాడు, కాకపోతే కాంట్రాక్టరుగా. మెటీరియల్ మనం కొనిచ్చి కూలీ మాత్రమే మాట్లాడుకోవడమా, మొత్తం అడుగు లెక్కన అప్పజెప్పడమా అన్నది మీరు పని దగ్గర ఎంతసేపు నిలబడగలరన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉద్యోగస్థులకు రెండోదే మేలు. సిమెంటు, ఇనుము, వైర్లు, పైపులు ఏ కంపెనీవో ఒప్పందంలో రాయించి, స్లాబు తరువాత ఇంత, గోడల తరువాత ఇంత అని విడతలుగా చెల్లించాలి.

అప్పు, పన్ను

రెండో ఇంటికి కూడా బ్యాంకులు గృహరుణమే ఇస్తాయి. రిజర్వ్ బ్యాంకు పరిమితుల ప్రకారం 30 లక్షల లోపు అప్పు ఆస్తి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల అప్పు 80 శాతం వరకు, 75 లక్షలు దాటితే 75 శాతం వరకు ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చులు మన చేతి నుంచే పెట్టుకోవాలి.

ఆదాయపు పన్నులో రెండు ఇళ్లను సొంత వాడకం కింద చూపి, ఊహాత్మక అద్దెపై (ఇస్తే రాగలదని లెక్కగట్టే అద్దెపై) పన్ను లేకుండా ఉండవచ్చు. అద్దెకు ఇస్తే, వచ్చిన అద్దె నుంచి కట్టిన ఆస్తి పన్ను తీసివేసి, మిగిలిన దానిలో 30 శాతం మినహాయింపు, ఆపైన అప్పు వడ్డీ మినహాయింపు లభిస్తాయి. కొత్త పన్ను విధానంలో ఉన్నవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అద్దె ఇంటిపై వడ్డీ అద్దెకన్నా ఎక్కువై నష్టం తేలితే దాన్ని జీతం నుంచి తగ్గించుకోవడానికి కుదరదు. సొంత వాడకం కింద చూపిన ఇంటి వడ్డీకి అసలే మినహాయింపు లేదు. పాత విధానంలో సొంత వాడకం ఇళ్లకు కలిపి వడ్డీ మినహాయింపు రెండు లక్షలు.

అమ్మేనాటి పన్ను కూడా కొనేనాడే ఆలోచించాలి. రెండేళ్లు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభంపై, 2024 జూలై 23న గానీ ఆ తరువాత గానీ కొన్న ఆస్తికి, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా 12.5 శాతం పన్ను. ఒక ఇల్లు అమ్మి మరో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. కానీ ప్లాటు, బంగారం, షేర్ల వంటివి అమ్మిన డబ్బుతో ఇల్లు కొని మినహాయింపు కోరాలంటే, అమ్మే నాటికి ఒకటికి మించి ఇళ్లు మీ పేరున ఉండకూడదు. మొదట రెండో ఫ్లాటు కొని, తరువాత ప్లాటు అమ్మి మూడోది కట్టుకుందామనుకునేవారు ఈ వరుస మార్చుకోవాలి. కొనే ఆస్తి 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికి ఇచ్చే ధరలో 1 శాతం టీడీఎస్‌గా కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవారిదే. అమ్మేది ఎన్ఆర్ఐ అయితే రేటూ పద్ధతీ వేరు, కోత చాలా ఎక్కువ, కాబట్టి ఆడిటరును కలవకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు.

ఎవరికి ఏది

సొంత ఇండిపెండెంట్ ఇల్లుండి, పునాది, సెట్‌బ్యాక్ రెండూ అనుకూలిస్తే మేడపై అంతస్తే మొదటి ఎంపిక. అది కుదరనివారికి, ఫ్లాటులోనే ఉంటున్నవారికి, అద్దె ఆదాయం కావాలనుకుంటే పాత కాలనీలో చిన్న బిల్డర్ పూర్తిచేసి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చిన ఫ్లాటు నా రెండో ఎంపిక. ఆ బిల్డర్ ఐదారేళ్ల కిందట కట్టిన మరో అపార్ట్‌మెంటుకు వెళ్లి, అక్కడ ఉంటున్నవారిని లిఫ్టు గురించి, వానాకాలంలో గోడల చెమ్మ గురించి, ఫిర్యాదు చేస్తే అతను ఫోను ఎత్తుతాడా లేదా అన్నదాని గురించి అడిగితే చాలా విషయాలు తేలిపోతాయి. తల్లిదండ్రుల కోసమో, రేపటి సొంత కాపురం కోసమో అయితే గేటెడ్ కమ్యూనిటీ, అదీ రెరా నంబరు చూసి, వీలైతే పూర్తయిన టవర్‌లో రీసేల్ ఫ్లాటు. ప్లాటు వీటన్నిటి తరువాత.

ఏది ఎంచుకున్నా అడ్వాన్సు విషయంలో ఒక పద్ధతి పాటించండి. లీగల్ ఒపీనియన్ రాకముందు టోకెన్ మొత్తానికి మించి ఇవ్వకండి. ఇచ్చేది బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పత్రాల్లో లోపం బయటపడితే ఫలానా తేదీలోగా మొత్తం తిరిగి ఇస్తామన్న వాక్యాన్ని అగ్రిమెంటులో రాయించండి. స్థల యజమాని, బిల్డర్ ఇద్దరూ ఉన్న చోట ఇద్దరి సంతకాలూ దాని మీద ఉండేలా చూడండి.